రేకులో కార్బన్: తరిమినవాళ్లే తిరిగి పిలిచారు

ఉక్కు కథ: 14వ భాగం

గోదాములో కదలకుండా పడి ఉన్న ఉక్కు రేకుకు కూడా వయసు మీద పడుతుంది. తుప్పు గురించి కాదు నేను చెప్పేది. రంగు మారదు, బరువు మారదు, మందం మారదు. మిల్లు నుంచి దిగిన కొత్తలో ప్రెస్ కింద పెడితే నున్నగా వంగి మడ్‌గార్డు అయిపోయిన రేకే, కొన్నాళ్లు ఆగాక అదే ప్రెస్ కింద ఒంటినిండా చారలు తేలి బయటికొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కార్ల బాడీలు చేసిన కర్మాగారాలన్నింటికీ ఈ బాధ తెలుసు. వచ్చిన సరుకును వచ్చినట్టే వాడెయ్యడం తప్ప అప్పట్లో వాళ్లకు మరో దారి లేదు.

గత భాగంలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల్లో పుట్టిన ఉక్కు గురించి చెప్పుకున్నాం. దానికి ప్రాణం కార్బన్. నూటికి సుమారు ఒకటిన్నర పాళ్లు కార్బన్ ఇనుములో కలిసినందుకే ఆ ఉక్కుతో చేసిన కత్తులకు అంత పదును, అంత పేరు వచ్చాయి. ఈ భాగంలో కథ అడ్డం తిరుగుతుంది. కారు రేకు చేసేవాళ్లకు అదే కార్బన్ పగవాడైంది. పది వేల పాళ్లలో ఒక పాలు కూడా మిగలకుండా దాన్ని వెళ్లగొట్టేదాకా వాళ్లు నిద్రపోలేదు. తీరా వెళ్లగొట్టాక మళ్లీ పిలిచారు. అయితే ఈసారి ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చెప్పారు.

చెక్క పోయి రేకు వచ్చింది

తొలి కార్ల బాడీలు గుర్రపు బగ్గీలకు వారసులు. లోపల చెక్క చట్రం, దాని మీద పలకలు, పైన వార్నిష్. ఎడ్వర్డ్ బడ్ 1912లో ఫిలడెల్ఫియాలో కంపెనీ పెట్టి, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఇంజినీరు జోసెఫ్ లెడ్‌వింకాతో కలిసి పూర్తిగా ఉక్కు రేకుతో బాడీ చేసే పద్ధతి తెచ్చాడు. 1914లో డాడ్జ్ సోదరులు తమ కొత్త కారుకు ఆ బాడీనే తీసుకున్నారు. చెక్క బాడీకి వేసిన రంగు దానంతట అది ఆరాలి, అందుకు రోజులు పడుతుంది. ఉక్కు బాడీని పొయ్యిలో పెట్టి రంగును కాల్చెయ్యొచ్చు. బడ్ వాదనలో ఇదొక ముఖ్యమైన అంశం. ఈ పెయింటు పొయ్యిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఆరు దశాబ్దాల తర్వాత అది రంగు ఆరబెట్టడం కన్నా పెద్ద పని చేయబోతోంది.

బాడీ సరే, అంత రేకు ఎక్కడ దొరుకుతుంది? అప్పట్లో రేకు చేయడమంటే పలకను కాల్చి, రోలర్ల మధ్యకు తోసి, మడిచి, మళ్లీ కాల్చి, మళ్లీ తోయడం. పట్టకార్లు పట్టుకున్న మనుషులు చెమటోడ్చి చేసే పని. వెడల్పు రేకు వచ్చేది కాదు. మందం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండేది కాదు. ఒహాయో రాష్ట్రం మిడిల్‌టౌన్‌లో కాగితం వ్యాపారం చేసిన కుటుంబంలో పుట్టిన జాన్ టైటస్‌కు, కాగితం ఒక కొసన గుజ్జుగా దిగి మరో కొసన చుట్టగా రావడం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉక్కు మాత్రం అలా ఎందుకు రాకూడదన్నది అతని ప్రశ్న. ఆర్మ్‌కో కంపెనీలో చేరి ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. 1924లో కెంటకీ రాష్ట్రం ఆష్‌లాండ్‌లో అతని నిరంతర రోలింగ్ మిల్లు తిరిగింది. ఆ తర్వాతి పదేళ్లలో వెడల్పు రేకు చుట్టలు చుట్టలుగా వచ్చిపడింది. 1935 మోడళ్లకు జనరల్ మోటార్స్ ఒకే ఉక్కు రేకుతో కారు టాపు వేయగలిగింది. అంతకుముందు టాపు నడిమి భాగానికి చెక్కా బట్టా వాడేవారు, అంత వెడల్పు రేకు లేక.

రేకు సమృద్ధిగా దొరికిన తర్వాతే దాని గుణం అసలు సమస్య అయింది. వెడల్పాటి రేకును లోతుగా వంచబోతే చిరిగేది. చిరగకపోతే చారలు తేలేవి.

చారల వెనక దొంగలు

ఆ కాలపు రేకు ఎక్కువగా రిమ్మింగ్ ఉక్కుతో చేసినది. కరిగిన ఉక్కులో కొంత ఆక్సిజన్‌ను కావాలనే ఉండనిచ్చి అచ్చులో పోసేవారు. అది కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ వాయువై బుడబుడమంటూ బయటికి పోయేది. అలా పోతూ పోతూ అచ్చు గోడను ఆనుకున్న పైపొరను దాదాపు శుద్ధమైన ఇనుముగా మిగిల్చేది. అందుకే ఆ రేకు ఉపరితలం అద్భుతంగా ఉండేది, కారు రంగుకు అంతకన్నా మంచిది లేదు. లోపల మాత్రం నూటికి 0.05 నుంచి 0.08 దాకా కార్బన్, దానికి తోడు గాలిలోంచి చేరిన నైట్రోజన్ అలాగే ఉండిపోయేవి.

చారలు కొత్తవి కావు. 1842లో ఫ్రాన్స్‌కు చెందిన పియోబేర్, 1860లో జర్మనీకి చెందిన లూడర్స్ వాటిని గమనించి రాశారు. నేటికీ వాటికి లూడర్స్ పట్టీలనే పేరు. రేకును లాగితే అన్నిచోట్లా సమానంగా సాగదు. ఒకచోట ఉన్నట్టుండి లొంగిపోతుంది, ఆ లొంగుబాటు పట్టీలా పక్కకు పాకుతుంది. రంగు వేసినా ఆ గీతలు దాగవు. మిల్లుల వాళ్లు దీనికొక ఉపాయం కనిపెట్టారు. చివర్లో రేకును ఇంకోసారి రోలర్ల మధ్య పోనిచ్చి, మందంలో నూటికి ఒక పాలు మాత్రం తగ్గిస్తే చారలు రావు. దీన్నే స్కిన్ పాస్ అంటారు. చిక్కల్లా ఆ మందు పని చేసేది కొద్ది కాలమే కావడం. రేకు నిల్వ ఉంటే జబ్బు తిరగబెట్టేది.

ఎందుకు తిరగబెడుతుందో తెలియడానికి భౌతికశాస్త్రం రావలసి వచ్చింది. లోహం వంగడమంటే అణువుల వరుసలన్నీ ఒకేసారి ఒకదాని మీద ఒకటి జారడం కాదని, స్ఫటికంలో డిస్‌లొకేషన్ అనే సన్నని లోపరేఖ ఒకటి కదులుతూ ఆ పని చేస్తుందని 1934లో టేలర్, ఒరొవాన్, పొలానీ ఎవరికి వారే చెప్పారు. బరువైన జంపఖానాను మొత్తంగా లాగడం కష్టం. ఒక కొసన ముడత లేపి, ఆ ముడతను రెండో కొసకు తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. డిస్‌లొకేషన్ అలాంటి ముడత. 1949లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ కాట్రెల్, బ్రూస్ బిల్బీతో కలిసి ఇనుము విషయంలో జరుగుతున్నదేమిటో వివరించాడు. కార్బన్, నైట్రోజన్ అణువులు చిన్నవి. ఇనుప అణువుల మధ్య సందుల్లో దూరి తిరుగుతుంటాయి. డిస్‌లొకేషన్ దగ్గర స్ఫటికం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడికి చేరి తిష్ట వేస్తాయి. దాంతో డిస్‌లొకేషన్ కాళ్లకు సంకెళ్లు పడినట్టే. గట్టిగా లాగితే సంకెళ్లు ఒక్కసారిగా తెగుతాయి, చార పుడుతుంది. స్కిన్ పాస్ వల్ల సంకెళ్లు లేని కొత్త డిస్‌లొకేషన్లు పుడతాయి, అందుకే కొన్నాళ్లు చారలుండవు. ఈలోగా నైట్రోజన్ మామూలు గది వేడిమిలోనే నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి వాటినీ పట్టుకుంటుంది. రేకు ముసలిదవడమంటే ఇదే.

దొంగలెవరో తేలిపోయింది. ఇక వాళ్లను పట్టి కట్టెయ్యాలి.

అల్యూమినియం, మిల్లులో వేడి

నైట్రోజన్‌ను కట్టేసే పని అల్యూమినియం చేసింది. కరిగిన ఉక్కులో కాస్త అల్యూమినియం వేస్తే ముందు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, బుడగలు ఆగిపోతాయి. మిగిలిన అల్యూమినియం ఉక్కు గడ్డకట్టాక నైట్రోజన్‌తో కలిసి అల్యూమినియం నైట్రైడ్ అవుతుంది. సందుల్లో తిరిగే నైట్రోజన్ ఇక లేదు కాబట్టి రేకు నిల్వ ఉన్నా ముసలిది కాదు. కరిగించేటప్పుడే నైట్రోజన్ తక్కువగా ఉండేలా చూసే మార్గం కూడా ఆ కాలంలోనే వచ్చింది. బెసెమర్ పద్ధతిలో గాలి ఊదేవారు, గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నైట్రోజనే. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో శుద్ధ ఆక్సిజన్ ఊదే పద్ధతి మొదలైంది. జర్మన్ల సాయంతో కట్టిన మన రూర్కెలా కర్మాగారం ఆసియాలో ఆ పద్ధతిని మొదట పట్టుకున్న వాటిలో ఒకటి. మన దేశంలో రేకు ఉక్కుకు పెద్ద దిక్కు కూడా అదే అయింది.

అల్యూమినియం కథలో నిజమైన మలుపు మరొకటి ఉంది. ఏ మూలకం కలిపామన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ వేడిమిలో ఏ క్షణంలో పని చేయనిచ్చామన్నదీ అంతే ముఖ్యమని రేకు పరిశ్రమ నేర్చుకున్నది ఇక్కడే.

వేడి మిల్లు నుంచి ఎర్రగా వచ్చిన రేకును నీళ్లతో చల్లార్చి చుట్ట చుడతారు. 600 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ వేడిలో చుడితే అల్యూమినియం, నైట్రోజన్ కలిసే వ్యవధి దొరకదు. రెండూ విడివిడిగా ఇనుములో కరిగి ఉండిపోతాయి. తర్వాత ఆ రేకును చల్లగా ఉండగానే రోలర్ల మధ్య నలిపి మందాన్ని మూడో వంతుకు దించుతారు. నలిగిన రేకు రాయిలా బిగుసుకుపోతుంది. మెత్తబడాలంటే చుట్టలను ఒకదాని మీద ఒకటి పేర్చి, గంట ఆకారపు కొలిమి మూత బోర్లించి, 700 డిగ్రీల దాకా నెమ్మదిగా కాచి, నెమ్మదిగా చల్లార్చాలి. దీన్ని బ్యాచ్ ఎనీలింగ్ అంటారు, రోజుల పని. గంటకు కొన్ని పదుల డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుండగా, కొత్త స్ఫటిక రేణువులు పుట్టబోయే ముందు అల్యూమినియం, నైట్రోజన్ కలుసుకుని నలిగిన పొరల వెంట అతి సూక్ష్మమైన నలుసులుగా పేరుకుంటాయి. పుట్టే రేణువులను అవి మందం దిక్కున పెరగనివ్వవు. రేణువులు గుండ్రంగా కాక బల్లపరుపుగా సాగుతాయి. వాటి స్ఫటిక తలాలు కూడా ప్రెస్‌కు అనువైన దిక్కుకే ఎక్కువగా తిరుగుతాయి.

ఈ దిక్కు విలువ ఏమిటో 1950లో అమెరికాకు చెందిన లాంక్‌ఫర్డ్, ఆయన సహచరులు ఒక అంకెలో పట్టి చూపించారు. రేకు ముక్కను లాగినప్పుడు వెడల్పు ఎంత తగ్గిందో, మందం ఎంత తగ్గిందో చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. వచ్చిన అంకె ఒకటి కన్నా ఎంత ఎక్కువైతే రేకు అంతగా పలచబడకుండా వెడల్పులోనే సర్దుకుంటుంది, చిరగదు. రిమ్మింగ్ రేకుకు ఆ విలువ ఒకటికి కాస్త అటూ ఇటూ. అల్యూమినియం కలిపిన ఉక్కు రేకుకు ఒకటిన్నర, ఆపైన. ఇక వేడి మిల్లు దగ్గర ఎవరైనా ఏమరుపాటున రేకును ఎక్కువ వేడిలో చుట్టేస్తే? నైట్రైడ్ ముందే ముద్దలు కట్టి కూర్చుంటుంది, కొలిమిలో చేయవలసిన పనికి మిగలదు. కలిపిన అల్యూమినియం అంతే, చుట్టిన వేడి వేరు, వచ్చిన రేకు పనికి తక్కువ.

మూడు రోజుల పని పది నిమిషాల్లో

నైట్రోజన్ కట్టుబడింది. కార్బన్ మాత్రం కొలిమి దయ మీద ఆధారపడి ఉంది. నెమ్మదిగా చల్లారే కొలిమిలో అది సిమెంటైట్ అనే కార్బైడ్‌గా గడ్డకట్టి ఒక మూలకు పోతుంది. రోజుల తరబడి చల్లార్చే ఓపిక ఉన్నంతకాలం ఇబ్బంది లేదు.

జపాన్ వాళ్లకు ఆ ఓపిక లేదు. 1972లో కిమిత్సు కర్మాగారంలో నిప్పన్ స్టీల్ నిరంతర ఎనీలింగ్ లైను నడిపింది. రేకు చుట్ట విప్పుకుంటూ పొడవాటి కొలిమిలోకి పోయి, కాగి, చల్లారి, స్కిన్ పాస్ అయి, పది నిమిషాల్లో అటు తేలుతుంది. ఇంత వేగంగా చల్లారితే కార్బన్‌కు గడ్డకట్టే తీరిక దొరకదు. అది ఇనుములో చిక్కుకుపోయి మళ్లీ ముసలితనం తెస్తుంది. అందుకని 400 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు నిలిపి కార్బన్‌ను వీలైనంత బయటికి రప్పించే ఏర్పాటు పెట్టారు. చిత్రమేమిటంటే, బ్యాచ్ కొలిమికి చుట్టను తక్కువ వేడిలో చుట్టాలన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది. కొత్త లైనుకు పోయే రేకును 700 డిగ్రీల దాకా వేడిగానే చుట్టాలి, నైట్రైడూ కార్బైడూ ముందే ముద్దలు కట్టి పక్కకు తప్పుకోవాలి. ఒకే ఉక్కు, రెండు కొలిములు, రెండు వ్యతిరేక సూత్రాలు.

అసలు కార్బనే లేకపోతే ఈ తంటా ఉండదు కదా? ఆ ఆలోచన పాతదే. టైటానియం కలిపితే అది కార్బన్‌ను గట్టిగా పట్టుకుంటుందని 1940లలోనే తెలుసు. అయితే ఒక పాలు కార్బన్‌ను కట్టెయ్యాలంటే బరువులో నాలుగు పాళ్ల టైటానియం కావాలి. 0.05 శాతం కార్బన్‌కు 0.2 శాతం టైటానియం. ఖరీదైన లోహాన్ని అంత పోసి కారు రేకు చేస్తే కొనేదెవరు?

దారి జర్మనీ నుంచి దొరికింది. 1950ల చివర రూర్‌స్టాల్, హెరేయస్ సంస్థలు కరిగిన ఉక్కును శూన్యపు గదిలోకి పీల్చి తిరిగి వదిలే యంత్రాన్ని తయారు చేశాయి. శూన్యంలో ఆక్సిజన్, కార్బన్ కలిసి వాయువై లేచిపోతాయి. కార్బన్ 0.003 శాతానికి, అంటే పది లక్షల్లో ముప్పై పాళ్లకు దిగింది. ఇక చిటికెడు టైటానియమో నియోబియమో చాలు, మిగిలినదంతా కట్టుబడిపోతుంది. 1960ల చివర, 70ల మొదట్లో అమెరికాలోనూ జపాన్‌లోనూ ఈ ఉక్కు మార్కెట్టుకు వచ్చింది. సందుల్లో తిరిగే అణువే లేదు కాబట్టి దీన్ని ఇంటర్‌స్టీషియల్ ఫ్రీ, పొట్టిగా ఐ.ఎఫ్. ఉక్కు అన్నారు. లాంక్‌ఫర్డ్ విలువ రెండుకు చేరింది. చారల్లేవు, ముసలితనం లేదు. నిమిషాల్లో ముగిసే జింకు పూత లైనులోనూ ఇబ్బంది పడదు. రెండు మూడు ముక్కలు అతికి చేసే భాగాన్ని ఒకే రేకులో కొట్టెయ్యొచ్చు.

మితిమీరిన శుభ్రతకూ ఒక శిక్ష ఉంది. రేణువుల సరిహద్దుల్లో కార్బన్ ఉన్నప్పుడు అది ఒక రకంగా అతుకు పని చేసేది. అది పోయాక ఆ చోటును భాస్వరం ఆక్రమించింది. లోతుగా వంచిన భాగాలు చలిలో దెబ్బ తగిలితే సరిహద్దుల వెంట పెళ్లున పగిలేవి. పది లక్షల్లో కొద్ది పాళ్ల బోరాన్ కలిపి ఆ సరిహద్దులను కాపాడుకోవలసి వచ్చింది.

పెట్రోలు మంట

ప్రపంచంలోకెల్లా మెత్తని, శుభ్రమైన రేకు చేతికందిన ఘడియలోనే బజారు అడిగే సరుకు మారిపోయింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాకు అడ్డుకట్ట వేశాయి. 1975 డిసెంబరులో అమెరికా చట్టం చేసింది: 1985 నాటికి కంపెనీ అమ్మే కార్ల సగటు గాలనుకు 27.5 మైళ్లకు చేరాలి. కారు బరువు తగ్గాలి. రేకు పలచబడాలి. పలచబడినా బలం తగ్గకూడదు. ఐ.ఎఫ్. ఉక్కును లాగితే చదరపు మిల్లీమీటరుకు ముప్పై కిలోల దగ్గర తెగిపోతుంది. అది చాలదు.

బలం పెంచే ఒక మార్గం అప్పటికే తెలుసు. రేణువులు ఎంత చిన్నవైతే ఉక్కు అంత గట్టిదని 1951లో హాల్, 1953లో పెచ్ లెక్కగట్టి చూపారు. సరిహద్దు తగిలిన ప్రతిసారీ డిస్‌లొకేషన్ ఆగిపోతుంది. చిన్న రేణువులంటే ఎక్కువ సరిహద్దులు. 1958లో అమెరికాలోని గ్రేట్ లేక్స్ స్టీల్ రేకు ఉక్కులో నూటికి 0.005 నుంచి 0.03 పాళ్ల నియోబియం మాత్రమే కలిపి అమ్మకానికి పెట్టింది. అంత స్వల్పంగా కలిపిన లోహం ఏం చేయగలదు? మిల్లులో ఎర్రగా కాలి నలుగుతున్న ఉక్కు మామూలుగా నలిగినప్పుడల్లా కొత్త రేణువులు పుట్టించుకుని తేరుకుంటుంది. నియోబియం ఆ తేరుకోవడాన్ని అడ్డుకుంటుంది. నలిగిన రేణువులు చదునుగానే ఉండిపోయి, చల్లారేటప్పుడు వాటిలోంచి అతి చిన్న రేణువులు గుంపులుగా పుడతాయి. రోలింగ్ ఏ వేడి దగ్గర ముగించారన్నదే ఇక్కడ ప్రాణం. వేడిమి అదుపు తప్పితే నియోబియం కలిపిన ఫలితం దక్కదు. బ్రెజిల్‌లోని అరాషా గనులు నేటికీ ప్రపంచానికి నియోబియం పెట్టే చెయ్యి.

ఇలాంటి చిన్న రేణువుల ఉక్కు బలమైనదే గానీ వంగడంలో మొండిది. దాన్ని లొంగదీసిన ప్రయోగం జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో జరిగింది. ఎం. ఎస్. రషీద్ కొత్త ఉక్కు ఏదీ కరిగించలేదు. వెనేడియం కలిపిన మామూలు బలమైన రేకునే తీసుకుని, 727 డిగ్రీలు దాటించి, పూర్తిగా మారిపోయే వేడికి ఇంకా కిందనే నిలిపి, చల్లార్చాడు. ఆ మధ్య వేడిలో ఉక్కు సగం సగంగా ఉంటుంది. కొంత ఫెర్రైట్ అనే మామూలు మెత్తని రూపంలోనే మిగిలి, కొంత ఆస్టెనైట్ అనే వేడి రూపంలోకి మారుతుంది. ఫెర్రైట్ తనలో నూటికి 0.02 పాళ్ల కన్నా ఎక్కువ కార్బన్‌ను ఉంచుకోలేదు. ఆస్టెనైట్ దానికి వంద రెట్లు పట్టగలదు. కాబట్టి కార్బన్ అంతా ఫెర్రైట్‌ను ఖాళీ చేసి ఆస్టెనైట్‌లోకి కాపురం మారుస్తుంది. వేగంగా చల్లార్చితే ఆ ఆస్టెనైట్ ముక్కలు మార్టెన్‌సైట్ అవుతాయి. బెర్లిన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మోసే ఈ రూపమే కత్తి అంచుకు పదునిచ్చేది. మెత్తని ఫెర్రైట్ మధ్య గట్టి మార్టెన్‌సైట్ ముక్కలు: ద్విరూప ఉక్కు.

1976లో రషీద్ తన ఫలితాలు ప్రకటించాడు. జపాన్‌లో నిప్పన్ స్టీల్ పరిశోధకులు హయామి, ఫురుకావా కూడా అంతకు ఏడాది ముందే ఈ కుటుంబపు ఉక్కుల గురించి రాశారు. అసలు చమత్కారం వేరే ఉంది. మార్టెన్‌సైట్ పుట్టేటప్పుడు కాస్త ఉబ్బుతుంది. ఉబ్బి చుట్టూ ఉన్న ఫెర్రైట్‌ను ఒత్తుతుంది. ఆ ఒత్తిడికి ఫెర్రైట్‌లో సంకెళ్లు లేని కొత్త డిస్‌లొకేషన్లు కుప్పలుగా పుడతాయి. అందువల్ల ఈ రేకు చారలు లేకుండా వంగుతుంది! ఏ చారల కోసం కార్బన్‌ను అన్నేళ్లు తరిమారో, ఆ చారలను ఇప్పుడు కార్బనే పోగొట్టింది, ఉండవలసిన చోట ఉన్నందుకు. చదరపు మిల్లీమీటరుకు అరవై కిలోలు లాగినా ఓర్చే రేకు ఇలా మామూలు సరుకు అయింది. మిల్లుల్లో అంత వేగంగా చల్లార్చడం కుదరని చోట మాంగనీస్, క్రోమియం, మాలిబ్డినం కాస్త ఎక్కువ కలుపుతారు. అవి ఆస్టెనైట్ తొందరపడి ఇంకేదో కాకుండా ఆపుతాయి.

పెయింటు పొయ్యి చేసిన మేలు

తలుపు, బోనెట్ లాంటి పై భాగాలకు వేరే చిక్కు. పలచబడితే వేలు నొక్కినా గుంట పడుతుంది. గట్టి రేకైతే ఒంపు సరిగా రాదు. ప్రెస్ కింద మెత్తగా ఉండి, కారు రోడ్డెక్కే వేళకు గట్టిపడాలి. జపాన్ ఇంజినీర్లు ఆ పని అప్పటికే అందరి కర్మాగారాల్లో ఉన్న పెయింటు పొయ్యికి అప్పగించారు. ఐ.ఎఫ్. ఉక్కులో కార్బన్‌ను పూర్తిగా కట్టెయ్యకుండా, పది లక్షల్లో పది ఇరవై పాళ్లు స్వేచ్ఛగా వదిలేశారు. గది వేడిమిలో రేకును తొందరగా ముసలిది చేయడానికి అది చాలదు. బాడీ వంగి, రంగు పూసుకుని, 170 డిగ్రీల పొయ్యిలో ఇరవై నిమిషాలు గడిపేసరికి మాత్రం ఆ కార్బన్ నడుచుకుంటూ వెళ్లి డిస్‌లొకేషన్లను పట్టేస్తుంది. రేకు చదరపు మిల్లీమీటరుకు మూడు నుంచి అయిదు కిలోల మేర గట్టిపడుతుంది. కాట్రెల్ 1949లో వర్ణించిన జబ్బు ఇదే. అది ముదిరేది కారు రూపం కట్టాక కాబట్టి, ఇప్పుడు దాన్ని జబ్బు అనలేం.

ప్రమాదంలో పుట్టే బలం

1967లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో విక్టర్ జాకే బృందం మరో దారి చూపింది. ఆస్టెనైట్‌ను గది వేడిమిలో కూడా నిలబెట్టగలిగితే, లాగినప్పుడు అది అక్కడికక్కడ మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఎక్కడ సాగుతుంటే అక్కడే గట్టిపడుతుంది, కాబట్టి ఆ చోట తెగదు. అయితే వాళ్ల ఉక్కులో క్రోమియం, నికెల్ దండిగా ఉండేవి. 1987లో మత్సుమురా, సకుమా, తకేచి అనే జపాన్ పరిశోధకులు కార్బన్, సిలికాన్, మాంగనీస్‌తోనే ఆ పని చేసి చూపారు. మధ్య వేడి నుంచి దించి 400 డిగ్రీల దగ్గర నిలిపితే కొంత ఆస్టెనైట్ బేనైట్ అనే మరో రూపం అవుతుంది. సిలికాన్ సిమెంటైట్‌ను పుట్టనివ్వదు. దిక్కులేని కార్బన్ మిగిలిన ఆస్టెనైట్‌లోకే దూరుతుంది. కార్బన్ అంతగా నిండిన ఆస్టెనైట్ చల్లారినా మారదు, నూటికి పది పదిహేను పాళ్లు అలాగే మిగులుతుంది. ప్రెస్ కింద వంగినప్పుడో, గుద్దుకున్నప్పుడో మారుతుంది. ఈ సిలికాన్‌తో ఒక తలనొప్పీ ఉంది. అది రేకు పైకి తేలి ఆక్సైడ్ పొర కడితే కరిగిన జింకు అంటదు. అందుకే కొన్నిచోట్ల దాని బదులు అల్యూమినియం వాడతారు.

మరో దారి స్వీడన్‌ది. రేకు చల్లగా ఉన్నప్పుడు వంగకపోతే వేడిగా ఉన్నప్పుడే వంచుదాం అన్నారు ప్లాన్యా కంపెనీ వాళ్లు. 1977లో పేటెంటు తీసుకుని మొదట రంపాలకు, గడ్డి కోసే యంత్రాల బ్లేడ్లకు వాడారు. 1984లో సాబ్ 9000 కారు తలుపుల్లోకి ఆ ఉక్కు ఎక్కింది. కార్బన్ 0.22 శాతం, మాంగనీస్ ఒకటికి పైన, బోరాన్ 0.002 నుంచి 0.005 శాతం. ఆ రవ్వంత బోరాన్ ఆస్టెనైట్ రేణువుల సరిహద్దుల్లో కూర్చుని ఫెర్రైట్‌ను పుట్టనివ్వదు. బోరాన్‌ను నైట్రోజన్ ఎత్తుకుపోకుండా కాపలాగా కాస్త టైటానియం ఉంటుంది. రేకును 900 డిగ్రీలు దాటించి, ఎర్రగా ఉండగానే నీళ్లు పారే డై మధ్య పెట్టి నొక్కుతారు. వంగడం, చల్లారడం ఒకేసారి అయిపోతాయి. మొత్తం మార్టెన్‌సైటే. చదరపు మిల్లీమీటరుకు 150 కిలోల బలం, మనం మొదలుపెట్టిన మెత్తని రేకుకు అయిదు రెట్లు.

ఇలాంటి బలమైన ఉక్కులు వాడితే ఏమవుతుందో 1998లో తేలింది. 18 దేశాలకు చెందిన 35 ఉక్కు కంపెనీలు పోర్షే ఇంజినీర్ల చేత చేయించిన బాడీ, అప్పటి సాటి బాడీల కన్నా నూటికి పాతిక పాళ్లు తేలికగా వచ్చింది, బిగువు తగ్గకుండా.

మన ఇంటి ముందున్న కారు

విశాఖ ఉక్కు కర్మాగారం కడ్డీలకు, తీగలకు పేరుపడ్డది. కారు రేకు అక్కడిది కాదు. అయినా 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి, 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు కార్లకు నక్షత్రాలు ఇస్తున్నాయి. కనుక ఈ కథ మన గుమ్మం దాకా వచ్చినట్టే. కారు కొనేటప్పుడు బోనెట్ మీద వేళ్లతో కొట్టి చూసి, రేకు పలచన అని పెదవి విరిచే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ చప్పుడు ఏమీ చెప్పదు. పై రేకు లోపలికి పోవడం తప్పు కాదు. ప్రాణం కాపాడేది తలుపుల మధ్య నిలబడ్డ పిల్లరు, దాని లోపలి మార్టెన్‌సైట్. మందం చూసి దాన్ని కనిపెట్టలేం.

ఒక్క మాట మాత్రం పాఠకులు గట్టిగా పట్టుకోవాలి. ఈ భాగాల బలం అందులో కలిపిన మూలకాలది మాత్రమే కాదు, వాటిని కాచి చల్లార్చిన తీరుది. అదే భాగాన్ని గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి, సుత్తితో సరిచేసి, గాలికి వదిలేస్తే మార్టెన్‌సైట్ పోయి మెత్తని రూపాలైన ఫెర్రైట్, పెర్లైట్ మిగులుతాయి. చదరపు మిల్లీమీటరుకు 150 కిలోలు మోసేది అరవై కిలోల దగ్గరికి పడిపోతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేశాక తేడా ఎవరికీ కనపడదు. కాబట్టి ప్రమాదంలో మీ కారు పిల్లరు గానీ తలుపు లోపలి దూలం గానీ వంగితే, డెంటింగ్ షాపులో మంట పెట్టి సాగదీయనివ్వకండి. ఖర్చయినా సరే, భాగం మార్పించండి.

(సశేషం. వచ్చే భాగం: రేకు మీద జింకు)